ఫలనిశ్చయం లేని జ్ఞానయత్నం: నూతన కణ సంఘర్షణ యంత్ర నిర్మాణంపై ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ 2025 మార్చి 31న ఒక సాధ్యాసాధ్య నివేదికను వెలువరించింది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ దేశాల సరిహద్దులో, సగటున 200 మీటర్ల లోతున, సుమారు 91 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయాకార సొరంగం తవ్వి అందులో తరువాతి తరం కణ సంఘర్షణ యంత్రాన్ని నిర్మించడం సాధ్యమేనని ఆ నివేదిక సారాంశం. దీనికి ఫ్యూచర్ సర్క్యులర్ కొలైడర్ అని పేరు పెట్టారు. తొలిదశ వ్యయం 1500 కోట్ల స్విస్ ఫ్రాంకులని అంచనా. మన లెక్కలో అది సుమారు లక్షన్నర కోట్ల రూపాయలు. తొలిదశ యంత్రం 2040వ దశకం రెండవ భాగంలోను, అదే సొరంగంలో మరింత శక్తిమంతమైన రెండవదశ యంత్రం 2070వ దశకంలోను పని మొదలుపెట్టాలన్నది ఆలోచన. అంటే నేడు దీనిని రూపొందిస్తున్నవారిలో చాలామంది దీని పూర్తి ఫలితాన్ని చూడరు.

ఇంత వ్యయం, ఇంత కాలం వెచ్చించిన తరువాత ఒక కొత్త కణం దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వడం లేదు. ఇవ్వగలిగిన స్థితిలో భౌతికశాస్త్రం లేదు. ఫలం నిశ్చయంగా తెలియని జ్ఞానయత్నం కోసం ప్రజాధనాన్ని అడగడం న్యాయమేనా? న్యాయమైతే ఏ కారణం చేత, ఏ షరతులపైన? ఈ ప్రశ్న జెనీవాకే పరిమితమైనది కాదు. భారతదేశం 2017 జనవరి నుంచి సెర్న్‌లో సహసభ్య దేశం. జ్ఞానానికి ప్రయోజనమేమిటన్న ప్రశ్నను విశ్వవిద్యాలయాల్లోని భాషాసాహిత్య శాఖలు కూడా నిత్యం ఎదుర్కొంటున్నాయి.

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలను ఆధారభూమిగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చదువుకు ఖరీదు, చదువు నుంచి ఆశించే ఫలం ఇంత బహిరంగంగా లెక్కకు వచ్చే ప్రాంతాలు తెలుగునాట అరుదు. ఆ లెక్క ముందు నిలబడలేని సమర్థన మరెక్కడా నిలబడదు.

యంత్రం, దాని పరిమాణం

మియాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్బీనగర్ వరకు సాగే మెట్రో మార్గం పొడవు సుమారు 29 కిలోమీటర్లు. సెర్న్‌లో ప్రస్తుతం పనిచేస్తున్న లార్జ్ హేడ్రాన్ కొలైడర్ చుట్టుకొలత సుమారు 27 కిలోమీటర్లు. అంటే ఆ మెట్రో మార్గాన్ని కొద్దిగా కుదించి, రెండు కొసలనూ కలిపి వలయంగా చుట్టి, భూమిలోకి దించితే ఆ యంత్రం పరిమాణం కళ్లకు కడుతుంది. ఆ వలయంలో ఒక ప్రోటాన్ సెకనుకు పదకొండు వేలకు పైగా ప్రదక్షిణలు చేస్తుంది. ప్రతిపాదిత కొత్త వలయానికి వ్యాసమే సుమారు 29 కిలోమీటర్లు. మెట్రో మార్గాన్ని వంపులు లేకుండా సాగదీస్తే అది ఆ వలయానికి ఈ అంచు నుంచి ఆ అంచుకు గీసిన గీత అవుతుంది.

ఈ పరిమాణం ఆడంబరం కోసం ఏర్పడినది కాదు. కణాలకు విద్యుత్ క్షేత్రాలు శక్తినిస్తాయి, అయస్కాంతాలు వాటి దారిని వంచుతాయి. శక్తి పెరిగేకొద్దీ ప్రోటాన్లను వంచడానికి మరింత బలమైన అయస్కాంతాలు కావాలి. అయస్కాంతాల బలానికి హద్దు ఉంది కనుక వలయాన్ని పెద్దది చేయక తప్పదు. ఎలక్ట్రాన్ల సమస్య వేరు. అవి మలుపు తిరిగినప్పుడల్లా కాంతిరూపంలో శక్తిని కోల్పోతాయి. మలుపు ఎంత బిగువుగా ఉంటే నష్టం అంత ఎక్కువ. కొత్త యంత్రం తొలిదశలో ఎలక్ట్రాన్లను, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లను ఢీకొట్టిస్తారు. రెండవదశలో ప్రోటాన్లను ఢీకొట్టిస్తారు. రెండింటికీ విశాలమైన వలయం అవసరమే.

విజ్ఞానశాస్త్ర పక్షం

పదార్థపు మూలకణాలను, వాటి మధ్య పనిచేసే బలాలను వివరించే సిద్ధాంతాన్ని ప్రామాణిక నమూనా అంటారు. 1964లో ఊహించిన హిగ్స్ బోసాన్‌ను కనుగొన్నట్లు 2012 జులై 4న సెర్న్ ప్రకటించడంతో ఆ నమూనాలోని చివరి ఖాళీ నిండింది. ప్రయోగశాలలో ఆ నమూనా సాధించిన విజయం అసాధారణమైనది. అయినా అది చెప్పలేని విషయాలు చిన్నవి కావు. విశ్వంలోని మొత్తం ద్రవ్యశక్తిలో మనకు తెలిసిన పదార్థం వాటా సుమారు 5 శాతమే. దానికి అయిదింతలకు పైగా ఉన్న కృష్ణద్రవ్యం ఏమిటో తెలియదు. సృష్టి తొలిక్షణాల్లో సమానంగా పుట్టి ఉండవలసిన ద్రవ్యం, ప్రతిద్రవ్యం ఒకదానినొకటి పూర్తిగా రద్దు చేసుకోకుండా ద్రవ్యం ఎందుకు మిగిలిందో తెలియదు. న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఎలా వచ్చిందో తెలియదు.

హిగ్స్ బోసాన్ గురించి తెలిసినది కూడా కొంతే. అది ఇతర కణాలతో ఎంత బలంగా ముడిపడి ఉందో నేటి యంత్రం అనేక సందర్భాల్లో పదిశాతం అటూ ఇటూగా మాత్రమే చెప్పగలుగుతోంది. కొత్త యంత్రపు తొలిదశ పదిలక్షలకు పైగా హిగ్స్ బోసాన్లను పుట్టించి వాటిలో చాలా కొలతలను ఒక శాతానికి లోపలికి తీసుకురాగలదు. ఎలక్ట్రాన్‌కు అంతర్నిర్మాణం ఉన్నట్లు ఇంతవరకు కనబడలేదు. ప్రోటాన్ మాత్రం క్వార్కులు, గ్లూవాన్ల మూట. మూటలు ఢీకొన్నప్పుడు రేగే గందరగోళం మూలకణాలు ఢీకొన్నప్పుడు ఉండదు. తొలిదశలో కొలతలకు లభించే స్వచ్ఛతకు అదే కారణం. హిగ్స్ బోసాన్ తనతో తాను ఏ బలంతో ముడిపడి ఉందన్నది మరో ముఖ్య ప్రశ్న. విశ్వం తొలిక్షణాల్లో మూలకణాలకు ద్రవ్యరాశి ఎలా ఏర్పడింది, ఆ మార్పు నెమ్మదిగా జరిగిందా, ఒక్కసారిగా జరిగిందా అన్న విషయం దానిపై ఆధారపడి ఉంది. దానిని కొన్ని శాతాల కచ్చితత్వంతో కొలవడం రెండవదశ లక్ష్యాల్లో ఒకటి.

ఇక్కడ పాత యంత్రానికి, కొత్త యంత్రానికి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. లార్జ్ హేడ్రాన్ కొలైడర్‌ను ప్రతిపాదించిన కాలంలో శాస్త్రజ్ఞుల చేతిలో ఒక బలమైన తర్కం ఉండేది. హిగ్స్ బోసాన్ లేకుండా లెక్కలు చేస్తే, అధిక శక్తుల వద్ద కొన్ని సంఘటనల సంభావ్యత ఒకటిని మించిపోయేది. అది అసంభవం. కాబట్టి హిగ్స్ బోసాన్ గాని, దాని స్థానంలో మరొకటి గాని ఆ శక్తిస్థాయిలో కనబడి తీరాలి. ఏది కనబడినా అది ఆవిష్కరణే. నేడు అటువంటి హామీ లేదు. చాలామంది సిద్ధాంతకర్తలు ఎదురుచూసిన సూపర్‌సిమెట్రీ కణాలు నేటి యంత్రంలో కనబడలేదు. కొత్త యంత్రంలో కొత్త కణం దొరకవచ్చు, దొరకకపోవచ్చు. దొరకకపోయినా కొలతలు మిగులుతాయి. 1887లో మైకెల్సన్, మోర్లీ కాంతి ప్రయోగంలో ఈథర్ జాడ కనబడకపోవడం తరువాతి భౌతికశాస్త్రానికి ఎంతటి ఆధారమైందో తెలిసినదే. కాని శూన్యఫలితం కూడా జ్ఞానమేనని ఒప్పుకోవడం వేరు, శూన్యఫలితానికి లక్షన్నర కోట్లు అడగడం వేరు. నైతిక ప్రశ్న ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే పుడుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ లెక్క

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా నుంచి చైతన్యపురి, కొత్తపేట వైపు సాగే దారి పొడవునా పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ శిక్షణ సంస్థలు, వాటిని ఆనుకొని హాస్టళ్లు, పుస్తకాల దుకాణాలు కనిపిస్తాయి. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం వంటి జిల్లాల నుంచి వచ్చిన యువతీయువకులు ఇక్కడ చిన్న గదులను పంచుకొని గ్రూప్స్, పోలీసు, ఉపాధ్యాయ నియామక పరీక్షలకు సిద్ధమవుతారు. వారి పాఠ్యప్రణాళికలో విజ్ఞానశాస్త్రం, సాంకేతికత ఒక భాగం. హిగ్స్ బోసాన్ అక్కడ కూడా ఉంటుంది, కాకపోతే ఒక మార్కు బిట్టు రూపంలో. ఏ సంవత్సరంలో కనుగొన్నారు, ఏ సంస్థ కనుగొన్నది అన్నంతవరకే దాని ఉనికి.

దీనిని చిన్నచూపు చూడటం సులభం, కాని అన్యాయం. ఆ యువత చదువును ఫలంతో కొలవడం లోభం వల్ల జరగడం లేదు. నెలనెలా కట్టవలసిన హాస్టల్ ఫీజు, ఇంటి దగ్గర పెరిగే అప్పు, దాటిపోతున్న వయోపరిమితి ఆ కొలతను నిర్ణయిస్తాయి. ఫలం గురించి పట్టించుకోకుండా జ్ఞానాన్ని జ్ఞానం కోసమే ప్రేమించగలగడం చాలాసార్లు భద్రమైన జీతం ఇచ్చే వెసులుబాటు. అందువల్ల కొలైడర్‌ను సమర్థించేవారు దిల్‌సుఖ్‌నగర్ గదిలోని విద్యార్థికి నిజాయతీగా సమాధానం చెప్పవలసి ఉంటుంది. నిష్కామకర్మను గుర్తుచేసి తప్పుకోవడం చెల్లదు. ఫలాపేక్ష లేకుండా పనిచేయడం వ్యక్తికి ఆదర్శం కావచ్చు. పరుల ధనాన్ని ఖర్చుచేసేవారు మాత్రం ఆ మాటను కవచంగా వాడుకోరాదు.

సాధారణంగా ఇచ్చే సమాధానం ఉపఫలాలను చూపడం. 1989లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్‌లీ ప్రతిపాదించిన వరల్డ్ వైడ్ వెబ్‌ను 1993లో ఆ సంస్థ అందరికీ ఉచితంగా విడుదల చేసింది. దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ సంస్థల్లో నేర్పే వెబ్ కోర్సులన్నీ ఒక విధంగా దాని సంతతే. ఎల్బీనగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా ఉత్తరానికి వెళితే వచ్చే ఈసీఐఎల్ మరో ఉదాహరణ. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని తీర్చిదిద్దారు. ఆ అనుభవం పునాదిగా 1967లో ఈసీఐఎల్ ఏర్పడింది. లార్జ్ హేడ్రాన్ కొలైడర్‌లోని అతివాహక అయస్కాంతాలను రక్షించే విద్యుత్ పరికరాల తయారీలో కూడా ఆ సంస్థ పాలుపంచుకొంది. మౌలిక పరిశోధన నుంచి పరిశ్రమ, పరిశ్రమ నుంచి ఉపాధి పుట్టాయనడానికి హైదరాబాదు తూర్పు భాగమే సాక్ష్యం.

ఈ సాక్ష్యం నిజమే అయినా సమర్థనగా బలహీనమైనది. వెబ్ కోసం ఎవరూ సొరంగం తవ్వలేదు. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమే లక్ష్యమైతే ఆ ధనాన్ని నేరుగా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకే ఇవ్వవచ్చు. ఉపఫలాన్ని ముఖ్యఫలంగా చూపించేవారు తాము నిజంగా కోరుకొనేదానిని దాచి, ఎదుటివారు వినాలనుకొనేదానిని చెబుతున్నారు. అది అబద్ధం కాకపోవచ్చు గాని సత్యసంధత కూడా కాదు. పైగా ఆ వాదాన్ని ఒకసారి అంగీకరిస్తే, ఉపఫలం కనబడని ప్రతి విద్యా తన హక్కును కోల్పోతుంది.

సాహిత్య విద్యార్థులకు ఈ చిక్కు కొత్తది కాదు. మమ్మటుడు కావ్యప్రయోజనాలను చెప్పినప్పుడు కీర్తి, ధనం, వ్యవహారజ్ఞానం వంటివాటిని కాదనలేదు. కాని సద్యఃపరనిర్వృతిని వాటన్నింటికీ మకుటంగా నిలిపాడు. అప్పటికప్పుడు కలిగే ఆ ఆనందం మరొక ఫలానికి సాధనం కాదు. ధనప్రయోజనం ఉన్నదని చెప్పడం వేరు, ధనం కోసమే కావ్యమనడం వేరు. కొలైడర్ చర్చలో లోపించినది ఈ తారతమ్య వివేకమే.

రెండు ఆక్షేపణలు

కొత్త యంత్రానికి వ్యతిరేకంగా వినిపించే వాదాల్లో రెండు గట్టివి. మొదటిది విజ్ఞానశాస్త్రం లోపలి నుంచి వచ్చినది. జర్మన్ సిద్ధాంత భౌతికశాస్త్రజ్ఞురాలు సబీనే హోసెన్‌ఫెల్డర్ వంటి విమర్శకులు, ఆవిష్కరణ జరుగుతుందనడానికి బలమైన సిద్ధాంతాధారం లేనప్పుడు ఇంత ధనాన్ని ఒకే యంత్రంపై పెట్టడం వివేకం కాదంటున్నారు. అదే ధనంతో ఖగోళ పరిశీలనలు, చిన్న ప్రయోగాలు, త్వరణ యంత్రాల్లో కొత్త పద్ధతులు అనేకం చేపట్టవచ్చునని వారి వాదం. దీనిని శత్రువుల మాటగా తోసిపుచ్చలేము. ఏ పరిశోధనలోనైనా ఒక ప్రశ్నకు వెచ్చించిన కాలం మరో ప్రశ్నకు దక్కదు.

రెండవది సమాజం నుంచి వచ్చేది. ఆకలి, ఆరోగ్యం, ఉపాధి ముందున్నప్పుడు కణాల వేట ఎందుకని ఆ ప్రశ్న. దీనికి తరచుగా చెప్పే జవాబు, ప్రభుత్వాలు ఇంతకంటె వృథా అయిన పనులకు ఇంతకంటె ఎక్కువ ఖర్చు చేస్తున్నాయని. ఒక తప్పు మరో తప్పును ఒప్పు చేయదు కనుక ఆ జవాబు చెల్లదు. వ్యయం అనేక దేశాల మధ్య అనేక సంవత్సరాలకు పంపిణీ అవుతుందన్నది అంతకంటె మేలైన జవాబు. అది భారాన్ని తగ్గిస్తుంది గాని ప్రశ్నను తొలగించదు.

మొదలుపెట్టి మానివేయడం వల్ల కలిగే నష్టాన్ని కూడా ఈ లెక్కలో చేర్చాలి. అమెరికాలోని టెక్సస్‌లో 87 కిలోమీటర్ల వలయంగా తలపెట్టిన సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్‌ను 1993లో ఆ దేశపు కాంగ్రెస్ రద్దు చేసింది. అప్పటికే సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, ఇరవై కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వారు. ధనం పోయింది, జ్ఞానమూ దక్కలేదు. నిర్మించాలా వద్దా అన్న ప్రశ్నకు ముందు, నిర్మిస్తే చివరిదాకా పోషించగలమా అన్న ప్రశ్న ఉందని ఆ అనుభవం తెలుపుతుంది.

సప్త సంతానాలు: ఒక ప్రత్యామ్నాయ దృష్టి

ఫలాన్ని చూపి సమర్థించలేము, ఫలం అక్కరలేదని తప్పించుకోలేము. ఈ రెండింటి మధ్య తెలుగు సాహిత్య సంప్రదాయంలో ఒక మార్గం ఉంది. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, ప్రబంధం, పుత్రుడు అనే ఏడింటిని సప్త సంతానాలుగా మనవారు లెక్కించారు. కృతిని వీటిలో ఒకటిగా చెప్పి కృతిపతిని ప్రశంసించడం కావ్యాల అవతారికల్లో సుపరిచితమే. అవతారికాప్రశంసగా చదివి వదిలివేసే ఈ భావనలో ఒక లోతైన నైతిక వర్గీకరణ దాగి ఉంది. చెరువు, కావ్యం ఒకే వరుసలో ఎలా నిలిచాయి? ఒకటి పొలాన్ని తడుపుతుంది, మరొకటి తడపదు. ఉపయోగమే కొలత అయితే ఈ రెండూ ఒక జాబితాలో చేరవు. చేయించినవాని జీవితాన్ని దాటి నిలవడం, రాబోయేవారు వాడుకోవడం, వారు దానిని పోషించవలసి రావడం వీటికి సామాన్య లక్షణాలు. సంతానమనే మాటలోనే ఎడతెగనిది, విస్తరించేది అన్న అర్థం ఉంది.

సంతాన దృష్టిలో ఫలం ఉంది, కాని దాని స్వరూపం ముందుగా తెలియదు. పుత్రుడు ఏమవుతాడో తెలిసి ఎవరూ కనరు. ప్రబంధాన్ని ఏ శతాబ్దంలో ఎవరు చదువుతారో తెలిసి ఎవరూ రాయించరు. అయినా అది బాధ్యతలేని చర్య కాదు. ఋషిఋణం అనే భావన కూడా దీనికి దగ్గరిదే. ముందువారి నుంచి అందుకొన్న జ్ఞానాన్ని చదివి, పెంచి, తరువాతివారికి అందించడం ద్వారానే ఆ ఋణం తీరుతుంది. 2070వ దశకంలో పనిచేసే యంత్రానికి నేడు గీతలు గీయడం ఈ అర్థంలో సంతానకార్యం. నేటి యంత్రంలో ఏర్పడిన సందేహాలను, పరికరాల నైపుణ్యాన్ని, వేలమంది కలిసి పనిచేసే పద్ధతిని తెగిపోకుండా తరువాతి తరానికి అందించడం దాని అసలు ప్రయోజనం. కొత్త కణం దొరికితే అది ఆ ప్రయోజనానికి మకుటం. దొరకకపోతే ప్రయోజనం సున్నా కాదు.

ఈ సమర్థన అంగీకారమైతే దానితోపాటు కట్టుబాట్లు కూడా వస్తాయి. ఆ విషయాన్ని మన శాసనాలే తెలుపుతున్నాయి. కడప జిల్లా పోరుమామిళ్లలోని 1369 నాటి తటాక శాసనం విజయనగర రాజకుమారుడు భాస్కరుడు చెరువు తవ్వించిన పుణ్యాన్ని ప్రశంసించి ఊరుకోదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, తప్పించవలసిన ఆరు దోషాలను పేర్కొంటుంది. నీటిశాస్త్రం తెలిసిన విద్వాంసుడు ఆ సాధనాల్లో ఒకటి. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని జరిగిందని కూడా నమోదు చేస్తుంది. పుణ్యకార్యమైనా లెక్క చెప్పవలసిందేనన్న స్పృహ అందులో ఉంది.

ఆ ఆరు దోషాల్లో రెండు నేటి చర్చకు ఆశ్చర్యకరంగా దగ్గరివి. విశాలమైన నేలకు చాలీచాలని నీరు ఉండటం ఒక దోషం. గొప్ప యంత్రానికి తగినంత విజ్ఞానఫలం లేదనే విమర్శకుల మాట ఇదే. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం మరో దోషం. ఉమ్మడి నీటికి ఎవరూ బాధ్యులు కాక, తగవులు మాత్రం మిగులుతాయన్న అనుభవం దానికి కారణమై ఉండవచ్చు. సెర్న్ వలయం సరిగ్గా రెండు దేశాల సరిహద్దు కిందనే ఉంది. 1954లో యుద్ధానంతర ఐరోపా దేశాలు కలిసి నెలకొల్పిన ఆ సంస్థ, పూర్వులు దోషంగా లెక్కించినదానిని ఒప్పందాలతో, ఉమ్మడి నిర్వహణతో గుణంగా మార్చుకొంది. దోషాన్ని ముందుగా ఒప్పుకొన్నందువల్లనే అది సాధ్యమైంది.

మూడు కట్టుబాట్లు

సంతాన దృష్టి నుంచి మూడు కట్టుబాట్లను నిర్ధారించవచ్చు. మొదటిది సత్యం. ఏది నిశ్చయమో, ఏది ఆశో విడదీసి చెప్పాలి. హిగ్స్ బోసాన్ కొలతలు మెరుగుపడటం నిశ్చయం. కృష్ణద్రవ్య కణం దొరకడం ఆశ. ఆశను నిశ్చయంగా చూపి ధనం సంపాదిస్తే, ఆశ నెరవేరని రోజున విజ్ఞానశాస్త్రం మొత్తంపైన నమ్మకం పోతుంది. ఆ నష్టాన్ని మరో తరం భరించవలసి వస్తుంది.

రెండవది పోషణ. దీనికి ఎల్బీనగర్ చుట్టుపక్కలే రెండు పాఠాలు ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ల మధ్యనున్న సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. చెరువుకు నీరు వచ్చే దారులు, పోయే దారులు కాలనీలుగా మారడంతో 2020 అక్టోబరు వానలకు ఆ ప్రాంతంలోని ఇళ్లలోకి నీరు చేరింది. పోషించని సంతానం శాపమవుతుందనడానికి అది నిదర్శనం. ఎల్బీనగర్ నుంచి నాగార్జునసాగర్ దారిలో ఇబ్రహీంపట్నం దాటి వెళితే జపాల్, రంగాపూర్ గ్రామాల వద్ద ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960వ దశకంలో నెలకొల్పిన ఖగోళ పరిశీలనశాల ఉంది. అక్కడి 48 అంగుళాల దూరదర్శిని దేశంలోని పెద్ద దూరదర్శినుల్లో ఒకటిగా పేరు పొందింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో ఆ ప్రదేశం శాస్త్రజ్ఞులను ఆకర్షించింది. తరువాతి దశాబ్దాల్లో నగరపు వెలుగులు విస్తరించి, నిర్వహణ సన్నగిల్లి దాని ప్రాభవం క్షీణించింది. పరికరాన్ని నిర్మించడం ఒక్కనాటి ఉత్సాహంతో జరుగుతుంది, దానిని చూపుతో నిలపడానికి తరాల శ్రద్ధ కావాలి.

తెగిపోయిన పరంపరకు మరో ఉదాహరణ తెలుగు విరివిగా వినిపించే కోలారు సీమలో ఉంది. అక్కడి బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను 1965లో భారత, జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞుల బృందం నమోదు చేసింది. దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికా గనిలో మరో బృందం కూడా ఆ పని చేసింది. ప్రపంచంలో అవే మొదటివి. 1990వ దశకం తొలినాళ్లకు కోలారు ప్రయోగాలు ఆగాయి, 2001లో గనులు మూతపడ్డాయి. ఆ పరంపరను కొనసాగించడానికి తమిళనాడు తేని జిల్లాలో తలపెట్టిన భారత న్యూట్రినో పరిశీలనశాలకు 2015లో కేంద్ర మంత్రివర్గం సుమారు 1500 కోట్ల రూపాయలతో అనుమతి ఇచ్చింది. స్థానికుల వ్యతిరేకత, న్యాయపోరాటాలు, రాష్ట్ర ప్రభుత్వ విముఖతల మధ్య నిర్మాణం సాగలేదు.

ఈ ఉదంతమే మూడవ కట్టుబాటుకు దారితీస్తుంది. అది భాష. తేని ప్రజల భయాన్ని అజ్ఞానమని కొట్టివేయడం తేలిక. కాని తమ కొండను తొలిచే పని ఏమిటో, దానివల్ల తమ నీటికి, నేలకు ఏమవుతుందో తమ భాషలో, తమ ప్రశ్నలకు సమాధానంగా వినడం వారి హక్కు. నిర్ణయం జరిగిపోయిన తరువాత చేసే వివరణ ప్రచారమవుతుంది. నిర్ణయానికి ముందు చేసేదే సంవాదం. ధనం ఇచ్చేవారి భాషలోకి రాని జ్ఞానం వారి సంతానం కాజాలదు.

తెలుగు శాఖల బాధ్యత ఇక్కడ మొదలవుతుంది. 1906లో హైదరాబాదులో ఆరంభమైన విజ్ఞాన చంద్రికా మండలి, కొమర్రాజు లక్ష్మణరావు మార్గదర్శకత్వంలో శాస్త్రవిషయాలను తెలుగు వచనంలోకి తేవడం సాహిత్యకార్యమేనని నిరూపించింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఆధునిక శాస్త్రాలను బోధించి, భారతీయ భాషలో ఉన్నత విజ్ఞానం సాధ్యమేనని చూపింది. 1968లో స్థాపించిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదాలను సమకూర్చింది. నండూరి రామమోహనరావు విశ్వరూపం వంటి రచనలు పామరునికీ విశ్వాన్ని దగ్గర చేశాయి. అటువంటి కృషి పలచబడిన చోట హిగ్స్ బోసాన్ ఒక మార్కు బిట్టుగా మిగులుతుంది. దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి ఆ బిట్టును కంఠస్థం చేయడం అతని లోపం కాదు. అంతకంటె ఎక్కువ అతనికి అతని భాషలో అందకపోవడం విద్యావ్యవస్థ లోపం.

ముగింపు

నూతన కొలైడర్ నిర్మాణానికి నైతిక సమర్థన ఉన్నదని ఈ పరిశీలన తేల్చుతున్నది. అయితే ఆ సమర్థన ఉపఫలాల జాబితా మీద గాని, ఆవిష్కరణ హామీ మీద గాని ఆధారపడలేదు. తెలియనిదానిని కచ్చితంగా కొలిచే శక్తిని తెగిపోకుండా తరువాతి తరానికి అందించడం మీద ఆధారపడి ఉంది. ఆ సమర్థన షరతులతో కూడినది. సత్యం చెప్పని చోట, పోషణకు సిద్ధపడని చోట, ప్రజల భాషలోకి రాని చోట అది చెల్లదు. ఆ మూడూ లోపిస్తే యంత్రాన్ని నిర్మించకపోవడమే మేలు.

విమర్శకుల ఆక్షేపణ మాత్రం మిగిలే ఉంటుంది. ఇదే యంత్రమా, మరొక మార్గమా అన్నది భౌతికశాస్త్రజ్ఞులు తమలో తాము తేల్చుకోవలసిన విషయం. సాహిత్య పరిశోధకులు దానిని నిర్ణయించలేరు. ఏ కారణం చెప్పడం న్యాయమో, ఏ కారణం చెప్పడం వంచనో విడదీయడం మాత్రం వారి విద్యలో భాగమే. కావ్యానికి ప్రయోజనమేమిటని అడిగినవారికి ఉద్యోగావకాశాల పట్టిక చూపి తప్పుకొన్న శాఖ, కొలైడర్ విషయంలో సత్యాన్ని కోరే అర్హతను కోల్పోతుంది. చెరువును, ప్రబంధాన్ని ఒకే వరుసలో నిలిపిన సంప్రదాయానికి వారసులైనవారు తమ విద్య విషయంలోనూ అదే కొలతను పాటించవలసి ఉంది.